చిలకపచ్చ చొక్కా

శారద, వెంకటనారాయణ యూరప్ వెళ్ళలేదు. మణుగూరు మొత్తంలో ఆ సంగతి తెలిసింది హైమ ఒక్కదానికే.

ఊరంతా నమ్మింది. పురుగుమందుల కొట్టు వెంకటనారాయణ భార్యను తీసుకుని పన్నెండు రోజుల్లో బస్సు మీద ఏడు దేశాలు తిరిగొచ్చాడని, 2004 వేసవి అంతా అదే మాట. శారదకు సొంత తోటికోడలైన హైమ మాత్రం నమ్మలేదు. కానీ ఎందుకు నమ్మడం లేదో బయటికి చెప్పలేకపోయింది. చెబితే తన గుట్టు కూడా బయటపడుతుంది.

వాళ్ళు యూరప్‌లో ఉన్నామంటున్న రోజుల్లోనే హైమ పక్కింటి శ్యామలతో కలిసి పర్ణశాల వెళ్ళింది. భర్త గణేష్‌కు చెప్పకుండా వెళ్ళింది. పెళ్ళైన ఆరేళ్ళుగా పర్ణశాల చూపించమని అడుగుతుంటే, "బొగ్గుబావిల సెలవియ్యరే" అంటాడు. ఆ రోజు కూడా డబుల్ డ్యూటీ అని రెండు పూటలకూ అన్నం కట్టించుకుని పోయాడు.

గోదావరి ఒడ్డున నిలబడి చూస్తే, దూరంగా నది మధ్యలో ఒక పడవ కనిపించింది. అందులో ఒక మనిషి అటు తిరిగి, ఈలలు వేస్తూ గంతులేస్తున్నాడు. ఒంటి మీద చిలకపచ్చ చొక్కా. దాని నిండా అరచేతులంత గులాబీ పూలు. వెంకటనారాయణ యూరప్ కోసమని ఖమ్మంలో కుట్టించుకుని, ఇంట్లోవాళ్ళకు మాత్రమే చూపించిన చొక్కా అది. అలాంటిది కుట్టించుకునే ధైర్యం జిల్లాలో ఇంకెవరికీ లేదు.

'అంటే బావగారు ఊరిని మోసం చేసి ఇక్కడ దాక్కున్నారా!' అనుకుంది హైమ. ఎప్పుడూ నవ్వని మనిషి అలా గంతులేస్తున్నాడంటే, మోసం పారిందన్న సంతోషమే అయి ఉంటుంది.

వాళ్ళు తిరిగొచ్చినప్పటి నుంచి రోజూ సాయంత్రం శారద ఇంట్లో ఫోటోల ప్రదర్శన. నాలుగు రీళ్ళ ఫోటోలు. చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ చాయ పెట్టేది హైమే. ఐదో రోజున ఆమె కప్పులు పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"పారిస్‌ల ఏం చూసినరక్కా?"

"బాత్రూం కోసం చూసినం. అది దొరికేసరికి బస్సెక్కమన్నరు."

"మరి తిండి?"

"పప్పు, అన్నం, పెరుగు. టూరోళ్ళు మన వంటాయన్నే తోల్కొచ్చిండ్రు."

"బస్సుల తెల్లోళ్ళతోని ఏం మాట్లాడినరు?"

"తెల్లోడు డ్రైవర్ ఒక్కడేనే. కడమోళ్ళంత విజయవాడోళ్ళు."

హైమ తల ఊపింది. ఇవన్నీ పర్ణశాలలోనూ దొరుకుతాయి.

"బస్సుల రోజుకో సీటు మారాల్నట," అన్నాడు వెంకటనారాయణ బాధగా. "నేను పొద్దుగాల్నే పోయి ముందు సీటు మీద తువ్వాల వేసొచ్చేది. ఎవరో మర్చిపోయిండ్రని డ్రైవర్ దాన్ని మడతబెట్టి హోటలోళ్ళకిచ్చేది. ఏడు దేశాల్ల ఏడు తువ్వాలలు పోయినయి."

అందరూ నవ్వారు. మూల కుర్చీలో గణేష్ ముక్కు గోక్కుంటూ అందరికన్నా గట్టిగా నవ్వాడు. హైమకు ఇక ఆగలేదు.

"అక్కా, మీరు అసలు యూరపే పోలే."

"ఏందే, గట్లంటవు?"

"పోయినట్టు తేలితే నెల రోజులు మీ ఇంట్ల అంట్లు తోముత. పోలేదని తేలితే రేపటి సంది చాయ నేను పెట్ట. పోయిన బేస్తవారం నేను పర్ణశాల పోయిన. ఆడ..."

"నాకు చెప్పకుండ పర్ణశాల పోయినవా?" గణేష్ కుర్చీలోంచి లేచాడు. "మొగుడంటే లెక్కలేదా నీకు?"

"అవ్, పోయిన. తర్వాత తిట్టు. ఆడ పడవల బావగారు ఈలలు కొట్టుకుంట ఎగురుతుండు. ఒంటి మీద చిలకపచ్చ చొక్కా! గిన్ని ఫోటోలల్ల ఒక్కదాంట్లనన్న ఆ చొక్కా ఉందా? చూపెట్టుండ్రి."

గణేష్ మెల్లగా కూర్చున్నాడు.

అందరూ ఫోటోలన్నీ మళ్ళీ తిరగేశారు. ఆ చొక్కా ఒక్క ఫోటోలోనూ లేదు. వెంకటనారాయణ లోపలికి వెళ్ళి రెండు పాస్‌పోర్టులు తెచ్చి హైమ చేతిలో పెట్టాడు. పోయిన రోజుకు ఒక ముద్ర, వచ్చిన రోజుకు ఒక ముద్ర. హైమ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆ బేస్తవారం రెండింటి మధ్యలోనే ఉంది.

"రేపు పొద్దుగాల్నే రా," అంది శారద. "సబ్బు నేనే ఇస్త."

హైమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మరి ఆ చొక్కా ఏందక్కా? నేను కళ్ళార చూసిన."

"ఆ చొక్కానా? పోయే ముందు పెట్టెను కొట్టు కాటా మీద తూకమేస్తే బరువెక్కువొచ్చింది. చొక్కా తీయాల్నా, ఆవకాయ తీయాల్నా అంటే, చొక్కానే తీసి బీరువాల పెట్టిన. తాళం గూడ వెయ్యలే. కోళ్ళకు నూకలెయ్యనీకి రోజూ ఇంట్లకొచ్చేది మా మరిదే గద, బయటోళ్ళా ఏంది?"

హైమ మెల్లగా మూల కుర్చీ వైపు తిరిగింది. భూమి లోపల, ఎండ పొడే తగలని బావిలో, డబుల్ డ్యూటీ చేసొచ్చిన మొగుడి ముక్కు మీద ఎండకు కమిలిన తోలు పొరలు పొరలుగా ఊడుతోంది.