పన్నెండు కెమెరాల ముందు

ఆ తల్లిని చూడగానే ఇనగాకికి కంపరం పుట్టింది.

ఆమె రావడం ఇది మూడోసారి. పేరు షిగెమత్సు. కొండల్లోని ఊరి నుంచి మొదటి రైలెక్కి, ఎనిమిదేళ్ల కూతురు చినామిని వెంటబెట్టుకుని తొత్తోరి పట్నంలోని ఈ ఆసుపత్రికి వస్తుంది. వచ్చినప్పుడల్లా చేతిలో బేరిపండు జెల్లీ డబ్బా, నడుము విరిగేలా వంగి వంగి దండాలు. 'మా పాప నడవలేదండీ' అన్న మాట తప్ప ఆ నోట ఇంకోటి రాదు.

నడక పరీక్షల గది ఇనగాకిది. కండరాలు బిగిసిపోయిన పిల్లలు, అడుగు తడబడే పిల్లలు పదిహేడేళ్లుగా అతని దగ్గరికి వస్తున్నారు. వాళ్ల కాళ్లకు మెరిసే చిన్న బంతులు అంటించి, పన్నెండు కెమెరాల మధ్య నడిపిస్తాడు. మోకాలు ఎంత వంగిందో, మడమ ఎప్పుడు ఆనిందో తెర మీద గీతలుగా వస్తుంది. వాటిని చూసే డాక్టర్ ముకాయ్ ఎవరికి మందు, ఎవరికి ఆపరేషన్ అన్నది తేలుస్తాడు. మనుషుల మాటకంటే ఆ గీతలనే ఇనగాకి నమ్ముతాడు.

చిన్నపిల్లలకు ఎప్పుడూ మొదటి వంతే, పొద్దున తొమ్మిదింటికి. అలిసిపోయిన పిల్లల్ని నడిపిస్తే లెక్కలు చెత్తగా వస్తాయని ఆ గదిలో నియమం.

"రైల్లో నిద్రపోయావా తల్లీ?" మోకాలికి బంతి అంటిస్తూ అడిగాడు.

"రెండు గంటలు! అమ్మ భుజం మీద చొంగ కూడా కార్చేశా అంకుల్," చినామి కిలకిలా నవ్వింది.

నడిచింది. ముందు మడమ ఆనింది, తర్వాత వేళ్లు. ఆ నడకను పాఠ్యపుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు.

"అయిపోయింది. వెళ్లి బూట్లేసుకో," అన్నాడు. ఇది అతని పాత ఎత్తు. కెమెరాలు ఆపడు. ఎవరో చూస్తున్నారంటే పిల్లలు బిగదీసుకుని నడుస్తారు. పరీక్ష అయిపోయిందంటే అసలు నడక బయటపడుతుంది. చినామి బూట్ల అర దాకా గెంతుకుంటూ పోయింది.

"ఏ లోపమూ లేదండీ," అన్నాడు తల్లితో.

ఆమె ఏడ్చింది.

బిడ్డ బాగుందంటే ఏడ్చే తల్లిని ఏమనాలి?

"ఇంట్లో ఇలా ఉండదండీ. ఒక్కసారి ఇది చూడండి," ఫోన్ చాపింది. దీపం వెలుతురులో చినామి చాప మీద పాకుతోంది. ఒక పాదం లోపలికి మెలితిరిగి ఉంది.

"ఎన్నిసార్లు తీశారేంటి? బాగా కుదిరేదాకానా?"

"అంత మాట అనకండి. మీరే మా ఇంటికి రండి. లేదంటే ఏ సాయంత్రమో వంతు ఇప్పించండి, మీ కాళ్లు పట్టుకుంటా."

"పొద్దంతా పిల్లని ఊరంతా తిప్పి, సొమ్మసిల్లేలా చేసి తీసుకొద్దామనా? మీకసలు సిగ్గుందా?"

ఆమె వెళ్లాక జెల్లీ డబ్బా చెత్తబుట్టలో పడేసి, రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. జాలి తిని బతికే మనుషులుంటారు. ఇరుగుపొరుగు 'అయ్యో పాపం' అంటే చాలు, వాళ్లకు కడుపు నిండిపోతుంది. అందుకోసం కన్నబిడ్డను నేల మీద పాకించడమంటే, ఛీ!

"ఇంకోసారి చూద్దామా?" డాక్టర్ ముకాయ్ నసిగాడు.

"మూడుసార్లు చూశాం సార్. ఇంకెన్నాళ్లు? రేపు ఆ పిల్ల కాళ్లు కోయించేదాకా ఊరుకోదు."

డాక్టర్ సంతకం పెట్టాడు. తల్లి బిడ్డ చేత రోగం నటింపజేస్తోందని ఇనగాకి తన చేత్తో రాసిన కాగితం అధికారులకు వెళ్లింది. గురువారం పొద్దున వాళ్లు వచ్చి చినామిని పిల్లల సంరక్షణ కేంద్రానికి తీసుకుపోయారు. ఎన్నాళ్లకు అప్పగిస్తారో, అసలు అప్పగిస్తారో లేదో తల్లికి చెప్పలేదు.

ఆమె అరవలేదట, అడ్డుపడలేదట. కారు ముందు వంగి, "రాత్రి స్నానానికి దాన్ని ఎత్తుకుని తీసుకెళ్లండి, దయచేసి. సిగ్గుపడి అడగదు," అందట. ఆ మాట విని ఇనగాకి మొహం చిట్లించాడు. చివరిదాకా నాటకమే.

సోమవారం గదికి తాళం వేస్తుంటే ఫోన్ మోగింది. సంరక్షణ కేంద్రంలో పిల్లల్ని చూసే పెద్దావిడ, ఒకితా.

"మీరు పంపించిన చినామి గురించండీ. పొద్దున్నే లేచి వరండా అంతా పరుగులే పరుగులు. దాన్ని పట్టుకోలేక చస్తున్నాం."

"నేను చెప్పలా? తల్లి పక్కన లేకపోతే చాలు, కాళ్లు వాటంతటవే వస్తాయి," ఇనగాకి హాయిగా నవ్వాడు.

అవతల ఆవిడ నవ్వలేదు.

"అదే నాకు అర్థం కావడం లేదండీ, పొద్దున పరిగెత్తిన పిల్ల ఈ నాలుగు రోజులూ సాయంత్రమయ్యేసరికి పాదం మెలితిరిగి నేల మీద పాకుతోంది, ఇక్కడ తల్లి కూడా లేదు కదా, మరి దాని చేత ఎవరు నటింపజేస్తున్నట్టు?"