అచ్చుకు పోయే మాటలు

రాసిన మాట ఎక్కడికీ పోదు. నోటి మాటైతే గాలిలో కలిసిపోతుంది, ఎవడైనా నిలదీస్తే నేననలేదు అనొచ్చు. రాసింది మాత్రం ఏ పెట్టెలోనో పడి ఉంటుంది, ఎప్పుడో ఒకనాడు ఏ పోలీసు జవానో దాన్ని తెరుస్తాడు... చెన్నమ్మ బడి గడప బయటే ఆగిపోయింది. సగం అల్లిన గంప ఇంకా చేతిలోనే ఉంది.

"లోపలికి రా అవ్వా. ఏమన్నా కొడతానా?" అన్నాడు జయరాముడు అయ్యవారు.

పామిడి పక్కన ఎరుకల గుడిసెల పిల్లల కోసం పెట్టిన బడి అది. అయ్యవారి చేతిలో ఆ నోటు పుస్తకం. ఏడాదిగా ఆమె గుడిసె ముందు కూర్చుని, దీన్ని మీ ఎరుకల మాటలో ఏమంటారు, దాన్నేమంటారు అని అడిగి, చెన్నమ్మ చెప్పిందల్లా అందులో రాసుకున్నాడు.

"పిలిపించినావంట, సామీ."

"మంచి మాట చెబుదామని. పై ఆఫీసరు ఒప్పుకున్నాడు. రేపు ఈ పుస్తకం అనంతపురం పోతాంది. అచ్చేస్తారు. మీ పిల్లోళ్లు ఒకటో తరగతి మీ మాటల్లోనే చదువుకుంటారు."

చెన్నమ్మ నోటు పుస్తకం వైపే చూసింది. "అచ్చేస్తే పోలీసోళ్లు గూడా చదువుతారు గదా?"

"చదివితే చదవనీ. మిమ్మల్ని పుట్టుదొంగలని రాసిన చట్టం పోయి నాలుగేండ్లాయె."

"చట్టం పోయినాది. జవాను పోలేదు గదప్పా."

అయ్యవారు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ చట్టం ఉన్న రోజుల్లో ఒకనాడు జవాన్లు గుడిసెలను చుట్టుముట్టినప్పుడు మొగుడు ఎర్రప్ప ఎరుకల మాటలో ఒక్క కేక వేశాడు. అది వాళ్లకు అర్థం కాలేదు గనకే కొడుకు తప్పించుకున్నాడు. వీపు మీద లాఠీ విరిగినా ఎర్రప్ప ఆ కేకకు అర్థం చెప్పలేదు. ఎరుకలోళ్లకు దాక్కోను వేరే గోడ లేదు, ఆ భాషే గోడ. ఇప్పుడు కొడుకూ కోడలూ ఆ భయంతోనే బిడ్డతో తెలుగు తప్ప మాట్లాడరు.

"మీరు నలుగురు ముసలోళ్లు పోతే ఆ మాటలూ పోతాయవ్వా. అదీ నా భయం," అన్నాడు అయ్యవారు. "తిమ్మక్కా, లెయ్. మీ అవ్వ విననీ."

ఆరేళ్ల మనవరాలు చేతులు కట్టుకుని లేచింది. తడుముకోకుండా అప్పజెప్పింది. నీళ్లంటే జొమ్మ. నిప్పంటే కెలుగు. అమ్మంటే సిరిక. బడంతా ఆమెతో పాటు అరిచింది: సిరిక! సిరిక! తిమ్మక్క పరుగెత్తుకొచ్చి అవ్వ కొంగు పట్టుకుంది.

"అవ్వా, ఇంగ మీదట మనింట్లో ఈ మాటలే మాట్లాడుకుందామా? నాకన్నీ వస్తాయి."

చెన్నమ్మ వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది. ఎవరూ లేరు. గంప కింద పెట్టింది. గడప దాటి వచ్చి, పుస్తకం మీద అరచెయ్యి ఆనించింది.

"కొట్టెయ్ సామీ," అంది. "మొదట్నుంచీ కొట్టెయ్. అన్నీ నేను కల్పించి చెప్పినవే. దీంట్లో ఒక్కటీ మా మాట కాదు."