ఆకు మీద నెత్తురు

"తగల్లేదు," అన్నాడు విట్లాక్, తుపాకీ దించకుండానే. డాలస్‌లో పళ్ల డాక్టరు. మూడు రోజులుగా టెక్సాస్‌లోని మా పశువుల రాంచ్‌లో అతని మనుబోతు (నీల్‌గాయ్) వేటకు నేనే దారి చూపిస్తున్నాను.

తగిలింది. పోతు వీపు గూనిలా వంచి తుమ్మపొదల్లో దూరడం నేను చూశాను. వెళ్లి ఆకు మీద ఎర్రటి చుక్క చూపించాను.

"మా కట్టుబాటు ముందే చెప్పాను కదా సార్. చుక్క నెత్తురు పడిందంటే ఆ పోతు మీదే. వెతకాల్సిందే. దొరక్కపోయినా మీ వేట అయిపోయినట్టే."

"నీ చేతికి ముల్లు గీరుకుని ఉంటుంది, సెలెస్టినో. అదేం పెద్ద కొమ్ములది కూడా కాదు. పద, ఇంకోటి చూద్దాం."

"నా చెయ్యి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు సార్," అని జీపెక్కాను.

గంటన్నర తిరిగాం. జీపులోని వైర్‌లెస్ రేడియోలో మా మేనల్లుడు రమీరో కేక పెట్టాడు.

"మామా, గాలిమర దగ్గర పోతు పడి ఉంది. ఇంతేసి కొమ్ములు నేనెప్పుడూ చూళ్లేదు! ఎవరిదిది?"

విట్లాక్ రేడియో లాక్కున్నాడు. "నాది! నేను కొట్టిందే! ముట్టుకోకండి, ఫొటో దిగాలి!"

"ఆ నెత్తురు నాదన్నారు కదా సార్?"

"వేళాకోళాలొద్దు. నా గుండే అది!"

నేను రేడియో తీసుకున్నాను. "ఎప్పుడు పోయిందిరా?"

"ఇప్పుడే మామా. నేనొచ్చేసరికి ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది."

విట్లాక్ గడియారం చూసుకున్నాడు.

"మీదే సార్," అన్నాను. "ఆ గంటన్నర కూడా మీదే."