బేస్‌మెంట్‌లో ఎంతమంది?

"ఒరేయ్, తలుపు తీయండ్రా! కొట్టుకుపోతున్నాను!"

బయటి నుంచి బాదుతున్నది ఇంటి యజమాని వీరభద్రరావు గారు. ఉత్తరం నుంచి దిగిన ఈదురుగాలి ఆ మధ్యాహ్నం సరస్సు మీదుగా వచ్చి సార్నియా ఊరి మీద విరుచుకుపడింది. కిటికీలకు దూరంగా, వీలైతే బేస్‌మెంట్‌లో ఉండమని ఫోన్లు పొద్దుటి నుంచి మొత్తుకుంటూనే ఉన్నాయి. "దివిసీమ ఉప్పెన చూసినవాణ్ణి, ఇదీ ఒక గాలేనా?" అంటూ ఆయన పెరట్లోని గుడారానికి తాళ్ళు బిగించబోయారు. గుడారం లేచి వెళ్ళి పక్కింటి కప్పు మీద కూర్చుంది. ఇంటి తలుపు గాలికి ధన్‌మని మూసుకుని తాళం పడింది. ఎంత పిలిచినా భార్య పలకలేదు. ఇక మిగిలింది పక్కనున్న బేస్‌మెంట్ తలుపే.

లోపలివాళ్ళ భయం గాలి గురించి కాదు. ముగ్గురు స్టూడెంట్లకని ఇచ్చిన చోట ఏడుగురున్నారు.

"తీయకు యోగీ! చూశాడంటే మన సామాన్లు రోడ్డు మీదే" అన్నాడు రంగనాథ్.

"తీయకుంటే అంకుల్ పోతడు" అన్నాడు యోగానంద్.

"తీస్తే మనం పోతాం!"

బయట ఏదో కొమ్మ ఫెళ్ళున విరిగింది. యోగానంద్ ఇక ఆలోచించలేదు. "మనం ముగ్గురం తప్ప అందరూ బాత్రూంలకి!" అని అరిచి, అటు తలుపు మూసుకోగానే ఇటు గడియ తీశాడు.

వీరభద్రరావు గారు గాలితో పాటే లోపలికి వచ్చి పడ్డారు. తలనిండా ఆకులు, ఒక కాలికే చెప్పు. కుర్రాళ్ళు భుజాలు ఆనించి తలుపు మూశారు. ఆయన ఊపిరి పీల్చుకుని, థాంక్స్ చెప్పబోయి ఆగిపోయారు. నేల మీద వరసగా ఏడు పరుపులు.

"ముగ్గురికి ఏడు పరుపులేంట్రా?"

"మనిషికి రెండు అంకుల్. నడుం నొప్పి" అన్నాడు రంగనాథ్.

"మూడు రెళ్ళు ఆరు. ఏడోది?"

"గెస్టులకి" అన్నాడు మూడోవాడు తనీష్, నేల చూపులు చూస్తూ.

"రేపు పొద్దున్నే అందరూ ఖాళీ..."

మాట పూర్తి కాలేదు. ఇల్లంతా అదిరింది. పైనుంచి గాజు పగిలిన చప్పుడు, కలప విరిగిన చప్పుడు. పెరట్లోని పైన్ చెట్టు సరిగ్గా పై బెడ్‌రూం మీద పడింది.

వీరభద్రరావు గారు "సుందరి! ఆ గదిలోనే పడుకుంది!" అంటూ లోపలి మెట్ల వైపు పరుగెత్తారు. యోగానంద్ ఆయన నడుం పట్టుకుని ఆపాడు.

"పైన కరెంటు వైర్లు తెగుంటయి అంకుల్, పోవద్దు. ఒక్క మాట వినండి, ఆంటీ..."

"ఏం వినేదిరా!" ఆయన మెట్టు మీద కూలబడి భోరుమన్నారు. "కిందికి పోదామని అది చెబుతూనే ఉంది. నేనే వెక్కిరించాను. దాన్ని కాపాడండ్రా! ఏడుగురు కాదు, డెబ్భైమంది ఉండండి. నోరెత్తితే ఒట్టు!"

బాత్రూం తలుపు తెరుచుకుంది. నలుగురు కుర్రాళ్ళను పక్కకు తోసుకుంటూ, చేతిలో టీ కప్పుతో బాలత్రిపురసుందరి గారు బయటికొచ్చారు.

"మీరు పెరట్లోకి వెళ్ళగానే దిగొచ్చేశాను, ఏడవకండి" అన్నారావిడ. "రూం దొరక్క కార్లో పడుకుంటుంటే ఈ నలుగుర్నీ తెచ్చి పెట్టింది నేనే. మీ లెక్కన ఇంకా అరవైమూడు మందికి చోటుంది."