నాలుగొందల పన్నెండు పేర్లు

"ఆంటీ, ప్లీజ్, కొంచెం ఆగుండ్రి. నాకు టైమ్ లేదు."

నవత తల కూడా తిప్పలేదు.

తార్నాక మెట్రో దగ్గరి ఆ జిరాక్స్ సెంటర్లో ఉన్నది ఒకటే బల్ల. దాని నిండా నవత ల్యాప్‌టాప్, వైర్లు, కాగితాలు. ప్రింటర్ వాటి వెనక ఇరుక్కుపోయింది.

"ఒక్క పేజీ బిడ్డా. గంతే," అందావిడ. అరవై దాటిన మనిషి. నూలు చీర.

"నేను తీస్త మేడమ్," అంటూ షాపు నడిపే భానుప్రకాశ్ చెయ్యి చాచి ప్రింటర్ మీట నొక్కాడు.

పేజీ వచ్చేలోగా ఆవిడ కళ్లు నవత స్క్రీన్ మీద పడ్డాయి.

"ఏం చేస్తున్నవు?"

"ఫైళ్ల పేర్లు మారుస్తున్న."

"ఒక్కొక్కటా?"

"మరెట్ల?" కసురుకుంది నవత. అంతలోనే గడియారం వైపు చూసింది. "పన్నెండు గంటలకల్లా పంపాలె ఆంటీ. నాలుగొందల పన్నెండు ఉన్నయి. గంట నుంచి చేస్తే డెబ్బై అయినయి."

గోడ గడియారంలో పదకొండుకు పావుగంట తక్కువ.

నవత యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్. రెండేళ్లు ఊరూరూ తిరిగి ముసలమ్మల చేత జోలపాటలు పాడించి ఫోన్లో రికార్డు చేసింది. వాటిని భద్రపరుస్తామన్న సంస్థ నుంచి పొద్దున మెయిల్ వచ్చింది. ఫైళ్ల పేర్లు తాము చెప్పిన పద్ధతిలో లేవట. మధ్యాహ్నంలోగా సరిచేసి పంపకపోతే ఈ ఏడాదికి ఇక తీసుకోరట.

"పాడినోళ్లల్ల ఇద్దరు ఇప్పుడు లేరు ఆంటీ," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ ఫోన్ మోగింది.

"వస్తున్న. మీరు కూసోండ్రి," అని పెట్టేసి, నవత పక్కకు కుర్చీ లాక్కుంది. "జరుగు."

"మీకు కంప్యూటర్ వస్తదా?"

"లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల, స్టోర్స్ సెక్షన్ల ముప్పై ఏండ్లు చేసిన. అప్పుడు మౌస్ ఏడిది? అంతా నల్ల తెర మీదనే."

ఆవిడ రెండు మీటలు నొక్కగానే నిజంగానే ఒక నల్ల తెర తెరుచుకుంది.

"అసలు రికార్డింగులు వేరేగ ఉన్నయా?"

"పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి."

"మళ్ల ఒకసారి కాపీ చెయ్. అసలువాటిని ముట్టద్దు."

కాపీ అయ్యేసరికి పదకొండు దాటింది. అప్పుడు ఆవిడ ఒక్క వరుస టైప్ చేసింది.

"ఇది పేర్లు మార్చదు. మారిస్తే ఎట్లుంటయో చూపెడతది. ముందు అడగాలె, తర్వాత చెయ్యమనాలె."

ఎడమవైపు పాత పేరు, కుడివైపు కొత్త పేరు. తెర నిండా బారులు తీరాయి.

"అబ్బా! అయిపోయింది! ఎంటర్ కొట్టుండ్రి!"

"ఆగు. పాత పేర్లు చదువు. ఒకటి తర్వాత ఏమున్నది?"

"పది."

"పది తర్వాత?"

"వంద..." నవత వేలు కుడివైపు పేరు మీద ఆగింది. పదో పాటకు రెండో నంబరు పడబోతోంది. ఒకరి పాట ఇంకొకరి పేరు మీదికి పోయేది.

"మిషన్ రెండును మరిచిపోలే. పొట్టి, పొడుగు చూడదు, మొదటి అంకె చూసి వరుస పెడతది. పాత పేరుల ఉన్న నంబరునే పట్టుకుందాం. దాని ముందట సున్నాలు పెడదాం. ఊఁ, నువ్వు కొట్టు."

"నేనా? మీరే కొట్టుండ్రి ఆంటీ, జల్ది అయితది!"

"నేను కొడితే రెండు నిమిషాలు. రేపు ఇంకో ఐదొందలు వస్తే ఎవరిని పిలుస్తవు?"

నవత కొట్టింది. తప్పు వచ్చింది. మళ్లీ కొట్టింది. ఫోన్ ఇంకోసారి మోగింది. ఆవిడ దాన్ని బోర్లించి, "కామా కాదు, చుక్క," అంది.

ఈసారి ఒకటి పక్కన ఒకటి, రెండు పక్కన రెండు. నాలుగొందల పన్నెండు దాకా తూచినట్టు కూర్చున్నాయి.

"ఇగ చెయ్యమను."

నవత ఎంటర్ నొక్కింది. రెప్పపాటులో అన్నీ మారిపోయాయి.

నవత కుర్చీలోంచి ఎగిరి ఆవిడను వాటేసుకుంది. భానుప్రకాశ్ చప్పట్లు కొట్టాడు. ఆధార్ జిరాక్సుకు వచ్చిన పెద్దాయన కూడా, సంగతేమిటో తెలియకపోయినా, నవ్వుతూ చప్పట్లు కలిపాడు.

మూడోసారి ఫోన్ మోగడంతో ఆవిడ తన పేజీ తీసుకుని ఆటో ఎక్కేసింది.

పన్నెండుకు ఐదు నిమిషాల ముందు ఫైళ్లు వెళ్లాయి. పావుగంటలో జవాబు వచ్చింది: 'అన్నీ సరిగ్గా ఉన్నాయి. స్వీకరించాం.'

నవత షాపులో అందరికీ ఇరానీ చాయ్ చెప్పింది. మొదటి గుక్క తాగాక గుర్తొచ్చింది.

"అయ్యో అన్నా, ఆమె పేరన్న అడగలే!"

భానుప్రకాశ్‌కూ తెలియదు.

ఈ కబురు తన గైడ్ రంగనాథ్ గారికి చెప్పాలని క్యాంపస్‌కు పరుగెత్తింది. ఆయన గది తాళం వేసి ఉంది.

"సారు సెమినార్ హాల్ల ఉన్నడమ్మా," అన్నాడు అటెండర్ బిక్షపతి. "పీహెచ్‌డీ వైవా. పదకొండుకు కావాలె, పన్నెండుకు షురూ అయింది. పరీక్ష చేయనీకి ఢిల్లీ నుంచి వచ్చిన సారు వాపస్ పోతనని లేచిండు గూడ. మనోళ్లే బతిమిలాడి కూసోబెట్టిన్రు."

నవత చప్పుడు కాకుండా తలుపు తోసింది. వైవా అప్పుడే ముగిసినట్టుంది. అందరూ నిలబడి ఉన్నారు.

ఎదుట, ప్రొఫెసర్ల మధ్య, ఆవిడ!

ఎవరి వైవా చూడ్డానికి వచ్చిందో, ఏ పిల్లవాడి అమ్మో అనుకుంటూ నవత సంతోషంగా ముందుకు కదిలింది.

అప్పుడే ఢిల్లీ ప్రొఫెసర్ రెండు చేతులూ జోడించి, "మీ కోసం గంట ఎదురుచూసినందుకు మాకు ఇప్పుడేం బాధ లేదు, డాక్టర్ వేదవతి గారూ," అన్నాడు ఆవిడతో.