నాలుగో గడి

కొస్కి వాళ్ళ కంపెనీ మునిగిపోయిందట, అందుకే ఈసారి ఏడాది లెక్కలు బయటపెట్టకుండా తొక్కి పట్టారట. పక్కింటి మిల్డ్రెడ్ పొద్దున్నే కాఫీ కొట్లో నలుగురి ముందూ అన్నదని, రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే గస్ మోసుకొచ్చాడు. "నా మాట కాదు తల్లీ, విన్నది చెప్పా," అన్నాడు గుమ్మంలో బూట్లు దులుపుకుంటూ.

"మునిగిందీ లేదు, తేలిందీ లేదు," అంది ఐలీ కొస్కి, అటక మీంచి దించిన పాత టైపు మిషను మీద దుమ్ము ఊదుతూ. "రేపు సాయంత్రానికి లెక్కలు వాషింగ్టన్‌లో ఉంటాయి. నువ్వు బండి ఆపకు. నీతో పనుంది."

పక్క బల్ల మీద ఫోను ఆగకుండా మోగుతోంది. ఐలీ తమ్ముడు రేనో దాన్ని ఎత్తడం, "తెలుసండీ, తెలుసు" అనడం, పెట్టెయ్యడం. తెల్లారుజామున మంచుగాలికి కూలినవాటిలో ఊరి ఇంటర్నెట్ కూడా ఉంది. పట్నం రోడ్డు కార్లకు మూసేశారు. షేర్లమ్మిన కంపెనీల లెక్కలు చూసే వాషింగ్టన్ సర్కారు ఆఫీసుకేమో కంప్యూటర్‌లోనే పంపాలి, కాగితం ముట్టుకోరు. గడువు ఈ రోజే. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి కూడా అయితే స్టాకు ఎక్స్ఛేంజిలో కంపెనీ పేరు కొట్టేస్తారు. అప్పుడు ఆ షేర్లు చిత్తుకాగితాలే. ఊళ్ళో సగంమంది ముసలితనానికి దాచుకున్నది అందులోనే ఉంది. మిల్డ్రెడ్‌ది కూడా.

"ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి కాగితం మీద పంపుకునే మినహాయింపు ఉంది. ఈ రోజే అడిగితే కాగితాలు రేపటికి చేరినా చాలు. అడుగుతున్నాను," అంది ఐలీ దరఖాస్తు ఫారం మిషనులోకి ఎక్కిస్తూ.

"అయితే కంప్యూటర్ చెడిందని కొట్టెయ్ అక్కా."

"అది నిక్షేపంలా ఉంది. లేనిది ఇంటర్నెట్. అదే కొడతాను."

"ఊళ్ళో ఇంటర్నెట్ లేదని రాస్తే మన పరువేం కాను? ఆ ఫారం దేశమంతా చదువుతుంది!"

"వేసవిలోనే చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నావా?"

"ఇప్పుడా సంగతెందుకే!"

"అబద్ధం కింద నేను సంతకం పెట్టను. నువ్వు పెడతావా? ఇదిగో పెన్ను."

రేనో పెన్ను తీసుకోలేదు. పొట్లం విప్పి పాస్టీ కొరికాడు. చల్లారిన మాంసం, బంగాళదుంప ముక్కలు ఒళ్ళో రాలాయి. మూడు గడులు నిండాయి. నాలుగో గడి దగ్గర మాత్రం అతను లేచొచ్చి మిషను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అదొక్కటీ వదిలెయ్. నాన్న మీద ఒట్టు." ఐలీ వాడి మొహం చూసి, ఫారం అలాగే ఫ్యాక్సులో పెట్టింది.

గంటలో వాషింగ్టన్ ఆఫీసు నుంచి ప్రెస్కాట్ అనే అధికారి ఫోను చేశాడు. చేతుల్లో కాగితాలు సర్దుకుంటూనే వినొచ్చని ఐలీ స్పీకరు నొక్కింది.

"ముందుగా చెబుతున్నానమ్మా. దరఖాస్తు అసలు ప్రతి పంపాలి. లెక్కలన్నీ కాగితం మీద పంపాలి. మొదటి పేజీ నెత్తిన, ఇబ్బంది వల్ల కాగితం మీద ఇస్తున్నామని పెద్దక్షరాల్లో ఉండాలి. ఇంటర్నెట్ వచ్చాక అవే లెక్కలు మళ్ళీ కంప్యూటర్‌లో పంపాలి."

"అంటే బరువు దించమని అడిగితే ఇంకో రెండు మూటలు నెత్తికెత్తుతున్నారన్నమాట."

"రూలమ్మా. నేను పెట్టింది కాదు."

"ఈ ఫారం నింపడానికి ఇరవై నిమిషాలు చాలని పైన అచ్చేశారు. ఆ లెక్క కట్టినాయన్ని ఒక్కసారి మా ఊరు పంపండి. పార నేనిస్తాను. ముందు గుమ్మం తవ్వుకుని లోపలికి రమ్మనండి."

అటువైపు నవ్వు వినబడింది. "కాగితాలు రేపటికి ఎలా చేరుస్తారు మరి?"

"మంచు తోసే బండి దారి చేసుకుంటూ పోతుంది, దాంట్లోనే నేను కూచుంటాను. రాత్రి విమానానికి అందిస్తాను. దారిలో ఎక్కడ కూరుకుపోయినా దిగి తోస్తాను గానీ వెనక్కి మాత్రం రాను."

గుమ్మంలో గస్ టోపీ పెట్టుకున్నాడు.

"మీలాంటి వాళ్ళకి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తాం?" అన్నాడు ప్రెస్కాట్. "మూడు గడులూ బాగున్నాయి. నాలుగోదే ఖాళీగా వదిలారు. అడ్డంకికి కారకులెవరు అన్నది. అది నింపితే నా పని నేను చేస్తాను."

రేనో పాస్టీ కింద పెట్టి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"మొహమాటపడకండమ్మా," ప్రెస్కాట్ గొంతు వేడెక్కింది. "ఊరంతా ఇంటర్నెట్ పోతే మీ తప్పెలా అవుతుంది? దాన్ని ఇచ్చే కంపెనీ ఒకటి ఏడ్చి ఉంటుందిగా! మీ దగ్గర మంచు ఏటా పడేదే. నెలనెలా డబ్బు దండుకుంటూ పాత తీగలు మార్చని బాపతు అయ్యుంటారు. ఎవడండీ ఆ దద్దమ్మ? పేరు చెప్పండి, నేనే మాట్లాడతాను."

ఐలీ ఫారం మళ్ళీ మిషనులోకి ఎక్కించింది. నాలుగో గడి సరిగ్గా అచ్చుల కిందికి వచ్చేదాకా తిప్పింది.

"మా కొస్కి కంపెనీయే అని రాసుకోండి. ఆ దద్దమ్మ మా తమ్ముడే. ఇక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు. మాట్లాడండి."