ఆల్టర్నేటర్ చప్పుడు

“బ్యాటరీ పోయినట్టుంది, మార్చేయమ్మా,” అన్నాడు మేస్త్రీ కూతురితో.

“మొన్నేగా మార్చారు!” షెడ్డు బయట బల్ల మీంచి లబోదిబోమన్నాడు టాక్సీ డ్రైవరు.

కూతురు ఇంజను స్టార్ట్ చేసి మీటరు పెట్టింది. పద్నాలుగు వోల్టులు చూపించాల్సిన ముల్లు పన్నెండు దగ్గరే చతికిలబడింది.

“బ్యాటరీ నిక్షేపంలా ఉంది నాన్నా. ఆల్టర్నేటరే ఛార్జింగ్ ఇవ్వట్లేదు. దాని బేరింగు అంతలా కీచుమంటుంటే నీకు తెలీలేదూ?” అని నవ్వింది.

చప్పుడు విని బండి జబ్బు చెప్పేస్తాడని పేరున్న మనిషి, ఇంజను మీదికి వంగి చెవి ఒగ్గాడు.

“కీచుమంటోందా?” అన్నాడు మెల్లగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. పిలిస్తే ఆయన పలక్కపోవడం ఇన్నాళ్ళూ మొండితనమనుకుంది.

“ఏమంటారు మీ నాన్నగారు?” డ్రైవరు కేకేశాడు.

“ఆల్టర్నేటర్ పోయిందంటున్నారు!” తండ్రికి కూడా వినబడేంత గట్టిగా చెప్పిందామె.